ఇంటింటి విజ్ఞానము: మంచుకొండ పచ్చికలును, మన మందుల పెట్టెయును

మన యిండ్లలో పెద్దవారు దాచియుంచు మందుల పెట్టెను దెఱచి చూచినచో, శొంఠి, పిప్పళ్లు, కరక్కాయ, వస మొదలగు వానితోపాటు కటుకరోహిణి, అతివస, జటామాంసి, చెంగల్వకోష్టు అను వేరులు కూడ నుండుట కలదు. శొంఠి పొలములలో పండునది, కరక్కాయ మన యడవులలో కాయునది. తుదనున్న నాలుగింటికి మాత్రము తెలుగునేల పుట్టిల్లు గాదు. అవి హిమవత్పర్వతముపై చెట్లు నిలుచుట మానిన యెత్తునను, దాని యంచునను పుట్టినవి. అంగడిలో పొట్లము కట్టించుకొని వచ్చునపుడు ఆ వేరు ఎంత దూరమునుండి వచ్చినదో, దానిని త్రవ్వినచోట మరల మొక్క మొలచినదో లేదో మనము తలపోయము. ఈ మాసమున ఆ సంగతినే ముచ్చటించుకొందము.

కొండ యెక్కుకొలది చలి హెచ్చునని యందఱు నెఱుగుదురు. లెక్కకు వేయి మీటర్ల యెత్తునకు సుమారు ఆఱున్నర డిగ్రీల వేడి తఱుగును. హిమాలయపాదమున సాలవృక్షములు, వానిపైన చీడచెట్లు, ఆపైన దేవదారువులు కనబడును. ఇంకను పైకి పోగా, పూర్వులు పట్టపై గ్రంథములు వ్రాసికొనిన భూర్జవృక్షములును, బురాంసు జాతి పొదలును మాత్రమే మిగులును. గఢ్వాలు ప్రాంతమున సుమారు 3,300 మీటర్లు మొదలు 3,600 మీటర్ల యెత్తున, అనగా పదునొకండు పండ్రెండువేల యడుగుల యెత్తున, అవియు నాగిపోవును. అచ్చటినుండి నిత్యము మంచు గప్పియుండు శిఖరముల వఱకు నడుమనున్నది పచ్చికబయలు. దీనిని గఢ్వాలువారు 'బుగ్యాలు' అందురు. కాశ్మీరమున 'మర్గు' అందురు. గుల్‌మర్గు, సోనామర్గు అను పేళ్లలోని మర్గు ఇదియే.

చెట్లు అచ్చట నేల నిలువవు? చలికి చచ్చునని చెప్పుట సగము సత్యమే. శీతకాలపు చలిని భూర్జము చక్కగా నోర్చుకొనును. కొఱత వేసవిలో నున్నది. మొక్క క్రొత్త ఆకును, క్రొత్త కొయ్యను కట్టుకొనుటకు కొంత వెచ్చదనము కావలయును. ఎదుగుకాలమున సగటువేడి సుమారు ఆఱు డిగ్రీలకు దిగినచో చెట్టు తన దేహమును పెంచుకొనజాలదు. చెట్టు నిలువున లేచి గాలికి ఎదురొడ్డి యుండును గావున గాలికెంత చల్లదనమో దాని కొమ్మలకు నంతే చల్లదనము. నేలనంటి పెరుగు చిన్నమొక్క సంగతి వేఱు. ఎండకు నేల కాగును, ఆ వేడి ఆకుల నడుమ చిక్కుకొని నిలుచును. మనిషి యెత్తున నున్న గాలికంటె అట్టి మొక్క లోపలి వెచ్చదనము ఒక్కొక్కప్పుడు పది డిగ్రీలకు మించి యుండును. కావున అచ్చట తలవంచినవారికే బ్రదుకు దొరకును.

ఇంకొక విశేషము. శీతకాలమున ఆ బయళ్లను కప్పు మంచు వానికి శత్రువు గాదు, దుప్పటి. పైన గాలి సున్నకు ఇరువది డిగ్రీలు దిగువకు పోయినను, లోతైన మంచు క్రింద నేల సున్నకు దగ్గఱగనే యుండును. ఆ దుప్పటి తొలగిన పిదప మొక్కలకు దొరకునది మూడు నాలుగు నెలలే. ఆ కొలదికాలములో చిగిర్చి, పూచి, కాచి, మరల చలి వచ్చునప్పటికి ఇల్లు చక్కబెట్టుకొనవలయును. ఒక్క వేసవిలో గింజనుండి గింజవఱకు పని ముగించుట బహుకష్టము గావున, అచ్చటి మొక్కలలో నేటేట మొలచి చచ్చునవి మిక్కిలి యరుదు. పెక్కు మొక్కలు పలుయేండ్లు బ్రదుకునవి. వేసవిలో వడియములు, ఊరగాయలు పెట్టుకొని యేడాది గడపు గృహిణివలె, అవి యెండకాలమున చేసికొనిన ఆహారమును నేలలోని వేరునందును, దుంపయందును దాచుకొనును. పైకి కనబడునది జానెడు మొక్క. లోపలనున్నది పెక్కేండ్ల కూడబెట్టు. మనుష్యునికి మందుగా కావలసినదియు సరిగా ఆ కొట్టుగదియే. దానిని పెల్లగించినచో మొక్క మరల లేవదు. ఈ యొక్కమాటలో మన కథయంతయు నిమిడియున్నది.

ఆ మొక్కల వేషములు చూడదగినవి. కొన్ని మెత్తవలె గుండ్రముగా, దట్టముగా నేలను కఱచుకొని పెరుగును. గాలి వానిపైనుండి జాఱిపోవును. లోపల తడియు వెచ్చదనమును నిలుచును. ఆ మెత్త నడుమ ఇతర జాతుల గింజలు పడి బ్రదుకును. ఫేనకమలమను మొక్క నిలువెల్ల దూదిని చుట్టుకొని మంచునడుమ కుదురుగా కూర్చుండును. సిక్కిము ప్రాంతమున రేవల్చిన్ని జాతిలోనిదే యొక మొక్క మనిషియెత్తు లేచి, పారదర్శకములైన పాలిపోయిన ఆకులను గొడుగులవలె వ్రేలవేసి పూవులను లోపల దాచుకొనును. ఆ తెఱ అతినీలలోహితకిరణములను అడ్డగించి, వెలుతురును మాత్రము లోనికి వదలును. అది పెక్కేండ్లు శక్తి కూడబెట్టి, ఒక్కసారి పూచి, గింజ నిచ్చి మరణించును.

ఇచ్చట బ్రహ్మకమలమును గూర్చి చెప్పక తప్పదు. మన పెరళ్లలో కుండీలయందు పెరిగి, రాత్రివేళ విచ్చి తెల్లవాఱునప్పటికి వాడిపోవు తెల్లని పూవును మనము బ్రహ్మకమలమని పిలిచి, ఇరుగుపొరుగువారిని రప్పించి హారతి యిచ్చుచున్నాము. అది మెక్సికో మొదలగు మధ్య అమెరికా దేశములనుండి వచ్చిన నాగజెముడు జాతి మొక్క. హిమాలయపు బ్రహ్మకమలము పొద్దుతిరుగుడు పూవు కుటుంబములోనిది. పసుపుపచ్చగా పలుచనై యున్న ఆకుదొప్పల లోపల ఊదారంగు పూగుత్తులు దాగియుండును. కేదారనాథునకు భక్తులు సమర్పించునది అదియే. ఉత్తరాఖండ రాష్ట్రమునకు అది రాజ్యపుష్పము. మన పెరటిపూవు అందము తక్కువది గాదు. రెండు పూవులు వేఱని తెలిసికొనుట మేలు.

ఈ బయళ్లలో జంతువులును కలవు. లడఖు మొదలగు చోట్ల నుండు మార్మోటు అను పెద్ద ఉడుత జాతిది సంవత్సరములో సగము కాలము బొఱియలో నిద్రించును. కుందేటికి చుట్టమైన పైకా యను చిట్టి జంతువు నిద్రపోక, రాళ్లసందులలో మంచు క్రింద కాలము గడపును. నీలిగొఱ్ఱె యనబడు భరలు పచ్చిక మేయును. మంచుచిఱుత దానిని వేటాడును. చలికి తేనెటీగలు వెలువడని ఉదయములందు, ఒంటినిండ బొచ్చుగల పెద్దతుమ్మెదలు దేహమును వణకించి వేడి పుట్టించుకొని పూలపై తిరుగును. చెట్లయంచున కస్తూరిమృగ ముండును. ఒకప్పుడు మాత్రలలో వాడిన కస్తూరి దాని మగజంతువు పొట్టక్రింది సంచిలోనిది. దానికొఱకు లెక్కలేనన్ని మృగములు చంపబడుటచే, 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ శాసనము దాని వేటను నిషేధించినది.

ఇట్టి బయళ్లలో లోకమునకు మిక్కిలి తెలిసినది గఢ్వాలులోని పూలలోయ. భ్యుందారు గ్రామస్థులకును, గొఱ్ఱెలకాపరులకును అది తరతరములుగ పరిచితమే. 1931వ సంవత్సరమున కామెట్టు శిఖరమెక్కి తిరిగి వచ్చుచు ఫ్రాంకు స్మైతు అను ఆంగ్లేయుడు తన సహచరులతో ఆ లోయలో దిగి, పూల సౌందర్యమునకు ముగ్ధుడై, మరల వచ్చి చూచి, 1938లో గ్రంథము ప్రకటించెను. మఱుసటి సంవత్సరమే జోను మార్గరెటు లెగ్గి యను స్త్రీ ఇంగ్లండునుండి పుష్పములను సేకరించుటకై ఆ లోయకు వచ్చెను. 1939 జూలై 4వ తేదీన కొండవాలున కాలు జాఱి పడి ఆమె మరణించెను. ఆమె సమాధి నేటికిని ఆ పూలనడుమనే యున్నది. సోదరి స్థాపించిన ఫలకము దానిపై నున్నది. సుమారు ఐదువందల జాతుల పూమొక్కలున్న ఆ లోయను 1982లో జాతీయోద్యానముగా ప్రకటించిరి. 2005లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వస్థలములలో చేర్చినది.

జాతీయోద్యానమైన పిమ్మట అచ్చట పశువుల మేత నిషేధింపబడెను. తరువాత నొక వింత జరిగెను. ఆఱడుగుల యెత్తు పెరుగు ఒక కలుపుమొక్క లోయలో దట్టముగా ప్రాకి, చిన్నపూలమొక్కలకు వెలుతురు లేకుండ జేయసాగెను. మేత మానుటచేతనే అది పెరిగినదని కొందఱును, పూర్వపు మేతవలనను కొండచఱియలు విఱిగిపడుటవలనను నేల చెదరినచోట్లనే అది మొలచినదని మఱికొందఱును వాదించిరి. అటవీశాఖవారు దానిని ఏటేట పీకించుచున్నారు. దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమనగా, ప్రకృతిరక్షణ కంచె వేసి తాళము బిగించుటతో ముగియు పని గాదు. పసిబిడ్డ నొకగదిలో పెట్టి తలుపు మూసినంత మాత్రమున పెంచినట్లగునా? కనిపెట్టి చూచుచు, అవసరమునుబట్టి చేయి వేయుచు నుండవలయును.

ఇక మన వేరుల సంగతికి వత్తము. కటుకరోహిణి చేదునకు పేరుబడినది. కాలేయమునకు మేలని వైద్యులు వాడుదురు. ఆరోగ్యవర్ధిని మాత్రలో తక్కిన ద్రవ్యము లన్నియు నెంతయో, కటుకరోహిణి యొక్కటియే యంత. అతివస పసిపిల్లల జ్వరమునకును, విరేచనములకును ఇచ్చు బాలచాతుర్భద్ర చూర్ణములోని నాలుగు ద్రవ్యములలో నొకటి. జటామాంసి వేరు జడలవంటి గోధుమరంగు పీచుతో గప్పబడియుండును గావున దాని కా పేరు వచ్చినది. తలనూనెలలో సువాసనకును, నిద్రకును దానిని వాడుట మనమెఱుగుదుము. చెంగల్వకోష్టు ధూపద్రవ్యములలోను, ఔషధములలోను చేరును. ఇవి యన్నియు సద్గుణములు గలవే. ఆ సద్గుణములే వానికి ముప్పు తెచ్చినవి.

ఒక్కొక్క యింట వాడునది తులమెత్తే. కాని దేశమునందలి కోట్లకొలది యిండ్ల తులములను, ఔషధశాలల మణుగులను, విదేశములకు పోవు మూటలను కలిపి చూడుడు. ఆ మొత్తము చాలవఱకు పచ్చికబయళ్లను త్రవ్వి తెచ్చినదే. సైటిస్ అను అంతర్జాతీయపు ఒడంబడిక 1985లో చెంగల్వకోష్టును కఠినతమమైన మొదటి పట్టికలో చేర్చినది. జటామాంసిని, కటుకరోహిణిని 1997లో రెండవ పట్టికలో చేర్చి, విదేశవ్యాపారమునకు అనుమతిపత్రములు కావలయునని కట్టడి చేసినది. జటామాంసి తీవ్రప్రమాదములో నున్నదనియు, అతివస ప్రమాదములో నున్నదనియు అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు తేల్చియున్నారు. పైనుండి 'కీడాజడి' యను ఇంకొక యాశ కూడ కలదు. నేలలోని గొంగళిపురుగును చంపి దాని తలనుండి మొలచు నొక బూజు అది. మిక్కిలి ఖరీదునకు అమ్ముడగుటచే, మంచు కరగగానే ఊళ్లకు ఊళ్లు పచ్చికలకెక్కి నేలను మోకాళ్లపై ప్రాకి వెదకుచున్నవి. దానిని కూడ 2020లో అపాయమునకు లోనగు జాతులలో చేర్చిరి.

త్రవ్వువారిని నిందించుట తేలిక. కాని ఆ గ్రామములలో ఒక పంటతో సంవత్సరము గడుపవలసిన సంసారములు పెక్కు. పురుషులు కూలికై మైదానములకు పోవుచుండగా, కట్టెలు, గడ్డి, నీరు మోయునది స్త్రీలే. పిల్లల బడిజీతమునకు, పెండ్లికి, మందునకు రొక్కము దొరకు త్రోవ ఆ వేరే యైనపుడు త్రవ్వవద్దని చెప్పుటకు మనకు నోరెట్లు వచ్చును? దారి చూపకుండ వద్దనుట ధర్మము గాదు.

త్రవ్వకమును మించిన భయ మొకటి కలదు, భూమి వేడెక్కుట. ప్రపంచమంతట సగటువేడి ఒకటిన్నర డిగ్రీకి మించకుండ నిలిపినను, హిందూకుష్ హిమాలయములలో అది ఇంచుమించు రెండు డిగ్రీలకు చేరుననియు, ఈ శతాబ్దాంతమునకు అచ్చటి హిమానీనదములలో మూడవవంతు కరగిపోవుననియు 2019లో ప్రకటితమైన యొక గొప్ప శాస్త్రనివేదిక చెప్పినది. సిక్కిము పర్వతములలో 1849–50 సంవత్సరములందు హూకరు పండితుడు ఏ మొక్క యెంత యెత్తున నున్నదో వ్రాసియుంచెను. 2007 మొదలు 2010 వఱకు శాస్త్రజ్ఞులు మరల పోయి, అచ్చటనే పుట్టి పెరుగు 124 జాతులను పరిశీలింపగా, నూటికి ఎనుబదియేడు జాతుల ఉనికి వేడివలన మాఱియుండెను. ఎన్నో మొక్కలు ఇంకను పైకి ప్రాకినవి. చల్లదనమును వెదకికొనుచు మొక్కలు కొండ యెక్కుచున్నవన్నమాట! కొండ కొక తుద కలదు గదా. శిఖరము చేరిన పిదప ఎచ్చటికి పోవును?

నిరాశపడ నక్కఱలేదు. గఢ్వాలులోని శ్రీనగరమున విశ్వవిద్యాలయమునకు చేరిన ఉన్నతపర్వత వృక్ష పరిశోధనకేంద్రము 1979 నుండి ఈ మొక్కలను నారుపోసి పెంచు విధానములను కనుగొనుచున్నది. తుంగనాథ ఆలయపు దాపున దానికొక ప్రయోగక్షేత్రము కలదు. కటుకరోహిణిని పొలములలో సాగుచేయు గ్రామములు చమోలీ మండలమున వెలసినవి. చెంగల్వకోష్టును లాహౌలు లోయవారు గతశతాబ్దపు పూర్వార్ధమునుండి పండించుచునే యున్నారు. త్రవ్విన వేరు ఒకసారి కూలి నిచ్చును. నాటిన వేరు ఏటేట పంట నిచ్చును. ఈ భేదమును ఆ కొండ స్త్రీలకు మనము నేర్పనక్కఱలేదు. పండించిన దానికి తగిన వెల దొరకుట యొక్కటే వారికి కావలసినది. ఆ వెల నిచ్చువారము మనమే.

కావున సోదరీమణులు గమనింపదగిన సంగతులు కొన్ని చెప్పెదను. మొదటిది: ఈ వేరులను వైద్యుడు వ్రాసి యిచ్చినపుడు మాత్రమే, వ్రాసినంత మాత్రమే కొనుడు. ఉండనిమ్మని పావుసేరు తెచ్చి డబ్బాలో పోసి, పురుగు పట్టిన పిమ్మట పాఱబోయుట ఒక పర్వతమునకు చేసిన యపచారము. రెండవది: అతివస, ప్రాణాంతకమైన విషము గల నాభి ఒకే జాతి మొక్కలు. ఎండిన దుంపలు చూచి పోల్చుకొనుట సామాన్యులకు సాధ్యము గాదు. కొఱత హెచ్చినకొలది కల్తీయు హెచ్చును. కావున గుర్తెఱుగని చోట కొని, సానపై నరగదీసి పసిబిడ్డ నోట పెట్టుట సాహసము. బిడ్డకు జ్వరమైనను విరేచనములైనను వైద్యునికి చూపుడు. మూడవది: నమ్మకమైన ఔషధశాలయందు కొనుడు, పండించిన వేరా, అడవిలో త్రవ్వినదా యని యడుగుడు. ఒక్కరు అడిగినచో వర్తకుడు నవ్వును. పదిమంది అడిగినచో తెలిసికొని చెప్పును. నూర్గురు అడిగినచో పండించినదే తెచ్చును. నాలుగవది: తలనూనెకు సువాసన కావలసినచో వట్టివేరు, కచ్చూరము, మెంతులు, మందారము మనకు చాలవా? జటామాంసిని రోగులకు విడిచిపెట్టుదము.

కేదార బదరీయాత్రలకు మన తెలుగుస్త్రీలు ఏటేట పెక్కుమంది పోవుచున్నారు. వారికొక మనవి. అచ్చటి పచ్చికపై నొక త్రోవ పడినచో వాననీరు దానివెంట పాఱి, మట్టిని కోసి, చీలికగా చేయును. అది మరల కప్పుకొనుటకు ఏండ్లు పట్టును. 2018లో ఉత్తరాఖండ ఉన్నతన్యాయస్థానము బుగ్యాళ్లలో రాత్రి గుడారములు వేయరాదని యాజ్ఞాపించినది యిందుకే. దయారా బుగ్యాలులో కొట్టుకొనిపోయిన నేలను కొబ్బరిపీచు చాపలు పఱచి నిలువరింపవలసి వచ్చినది. కావున వేసిన త్రోవనే నడువుడు. బ్రహ్మకమలమును మీరు కోయకుడు. మీకొఱకు కోసి యమ్మువారిని ప్రోత్సహింపకుడు. పూవు గింజ కాకముందే తెగినచో ఆ వంశ మక్కడనే యాగును. రిత్తచేతులతో మ్రొక్కిన మ్రొక్కును ఈశ్వరుడు కాదనడు. తెచ్చుకొనిన ప్లాస్టికు సంచులను, సీసాలను తిరిగి తెచ్చుకొనుడు. ఆ చలిలో మన ఊరి చెత్తకుప్పలోవలె ఏదియు త్వరగా క్రుళ్లదు.

మన గోదావరీ కృష్ణలు మంచునుండి పుట్టినవి గావు గనుక హిమాలయముతో మనకేమి పని యని కొందఱనవచ్చును. పని కలదు. మన నాయనమ్మలు తమ కోడండ్రకు అప్పగించిన మందుల పెట్టెలో ఆ కొండ యున్నది. మనము మన కోడండ్రకు అప్పగించునాటికి ఆ పెట్టెలో అతివస యుండునో, దాని పేరు మాత్రమే యుండునో, నేడు మనము అంగడిలో ఏమి అడుగుదుమో దానిపై కొంత యాధారపడియున్నది.

వచ్చు మాసమున మన యూరి చెఱువును గూర్చి, దాని గట్టున పెరుగు జమ్మును గూర్చి ముచ్చటించుకొందము.